సర్వర్‌కు కన్నం, స్నేహితుడికి నింద

మా అక్క మనవరాలు ఈమధ్య బెంగళూరులో ఒక గేముల కంపెనీలో చేరింది. సర్వర్ల భద్రత చూసే పని. "నువ్వూ ఇదే పని చేసినావంట కదవ్వా, ఏమేం చూసుకోవాలో చెప్పు" అని ఫోన్లో అడిగింది. ఫోన్లో తేలే సంగతి కాదని ఇలా రాయడానికి కూర్చున్నాను. ఆ పిల్లకే కాదు, ఆ పనిలోకి వచ్చే ఎవరికైనా పనికొస్తుందనే ఆశ.

ప్రమోషన్ల గురించి రాయను. నాకు వచ్చినవే తక్కువ. వచ్చినప్పుడు కూడా సంతోషం కంటే ఊరు మారిన చికాకే ఎక్కువ. సాఫ్ట్‌వేర్ల గురించీ పెద్దగా రాయను. నా కాలంలో మేం నెత్తిన పెట్టుకుని మోసినవి ఇప్పుడు ఎవరికీ గుర్తు కూడా లేవు. మనుషులు మాత్రం అప్పుడెలా ఉన్నారో ఇప్పుడూ అలాగే ఉన్నారు కాబట్టి వాళ్ల గురించే రాస్తాను.

పుంగనూరు ఎక్స్ఛేంజిలో నేర్చుకున్నది

తొంభైల్లో నేను పుంగనూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో టెక్నీషియన్‌ని. మా సూపర్‌వైజర్ సుబ్రమణ్యం సార్. బుగ్గన వక్క, చేతిలో టెస్టర్ లేకుండా ఆయన్ని నేను చూడలేదు. కోపిష్ఠి. వైరు సరిగా చుట్టకపోతే చుట్టినదంతా విప్పించి మళ్లీ చుట్టించేవాడు. ఆయన చేతికింద మొదటి ఏడాది నేను ఇంటికెళ్లి ఏడవని వారం లేదు.

ఒక వానాకాలం వీధిలోని ఫోన్ లైన్ల పెట్టెలోకి నీళ్లు దిగి లైన్లు కలిసిపోయాయి. పట్టుగూళ్ల వ్యాపారి మల్లప్ప తన దుకాణంలో మాట్లాడే బేరాలు ఎదురు దుకాణం ఫోన్లో వినిపించేవి. ఆ సంగతి మల్లప్పకు తెలియదు. తన బేరాలన్నీ పోటీవాడికి ముందే తెలిసిపోతున్నాయని మాత్రం తెలుసు. చాలా ఏళ్లుగా నమ్మకంగా పనిచేస్తున్న గుమస్తా మీద అనుమానపడి, నలుగురిలో అవమానించి ఇంటికి పంపేశాడు.

నేను పెట్టె తెరిచి, తడి తుడిచి, లైన్లు విడగొట్టి వచ్చి, "బాగైపోయింది సార్" అన్నాను.

"వైరు బాగైందమ్మా. ఆ మనిషి సంగతి?" అన్నాడు సార్.

నన్ను వెంటబెట్టుకుని మల్లప్ప దుకాణానికి నడిచాడు. గూళ్లు అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ నిండుగా ఉన్న సమయం. "నీ మాటలు మా పెట్టెలోనుంచి పోయినాయప్పా. తప్పు మాది. నీ గుమస్తాది కాదు" అని అందరికీ వినపడేట్టు చెప్పాడు. మల్లప్ప మమ్మల్ని చెడామడా తిట్టాడు. నాకు తల కొట్టేసినట్టయింది. సార్ మాత్రం నిలబడి అన్నీ విన్నాడు. తిరిగి వస్తూ దారిలో నవ్వాడు. "తిట్లు మనకొచ్చినాయి, ఆయప్పకు పని తిరిగొచ్చింది. బాగానే ఉండాది కదా సరళా" అన్నాడు. ఆ సాయంత్రమే గుమస్తా మళ్లీ దుకాణంలో కూర్చున్నాడని విన్నాను.

ఈ వృత్తిలో నాకు గురువు ఎవరంటే ఆయనే. కంప్యూటర్ని ఆయన ఎప్పుడూ ముట్టుకోలేదు.

ఊళ్ల ఆట

రెండువేల సంవత్సరం దాటాక ఆ ఉద్యోగం వదిలేసి, నెట్‌వర్కుల కోర్సు చేసి, మదనపల్లెలో రెడ్డెప్ప గారి కేబుల్ కంపెనీలో చేరాను. ఈ వయసులో ఆడమనిషి కంప్యూటర్ నేర్చుకోవడమేమిటని బంధువులు నవ్వారు. రెడ్డెప్ప గారు నవ్వలేదు. ఆయన మంచివాడు, ఆ మాట ముందే రాస్తున్నాను, ఎందుకంటే తర్వాత ఆయన్ని తిట్టబోతున్నాను. ఎవరింట్లో పెళ్లయినా ఆయన జనరేటర్ అడగకుండానే వెళ్లి వాకిట్లో నిలబడేది.

టీవీ కేబుల్‌తో మొదలైన కంపెనీ క్రమంగా మదనపల్లె, పుంగనూరు, కుప్పంలోని నెట్ సెంటర్లకు ఇంటర్నెట్ ఇచ్చే స్థాయికి వచ్చింది. జనాన్ని సెంటర్లకు రప్పించడానికి రెడ్డెప్ప గారు ఒక ఆటను తెచ్చారు. బెంగళూరులో శ్రీధర్ అనే ఇంజనీరు రాసిన ఆట అది. దాన్ని మదనపల్లెలోని మా సర్వర్‌లో పెట్టాం. అందరూ దాన్ని ఊళ్ల ఆట అనేవాళ్లు. ఆడే ప్రతివాడికీ ఒక ఊరు ఉంటుంది. చేలు, గాదెలు, చుట్టూ కోట. పంట పండించి గాదెలు నింపుకోవాలి. పక్క ఊరివాడు ఏ క్షణాన్నయినా దండెత్తి రావచ్చు. మనం కంప్యూటర్ ముందు ఉంటే ధాన్యాన్ని కోటలోకి తరలించి దక్కించుకుంటాం. లేకపోతే గోవిందా.

ఆడేది కాలేజీ పిల్లలేనని మొదట అనుకున్నాను. మగ్గం పనివాళ్లు, మెడికల్ షాపు వాళ్లు, టీచర్లు, బస్టాండులో పూలమ్మే ఆవిడ కొడుకూ కోడలూ అందరూ ఆడేవాళ్లు. ఆ కోడలు గొప్ప దోపిడీదారు. ఆమె ఊరి పేరు వింటేనే కుప్పంలో హడలిపోయేవాళ్లు.

కరెంటు కోతలు వీళ్లందరికీ ఒక చిక్కు తెచ్చిపెట్టాయి. మదనపల్లెలో పొద్దున పోతే, కుప్పంలో మధ్యాహ్నం, పుంగనూరులో ఇంకో వేళ. కరెంటు లేని ఊళ్లో ఆటగాడు చేతులు ముడుచుకుని కూర్చోవాలి, ఉన్న ఊరివాడు వచ్చి గాదెలు దోచుకుపోతాడు. దీనికి ఉపాయం కుప్పం దగ్గరి రామకుప్పం వైపు రైతులు కనిపెట్టారు. వాళ్లకు ఏనుగుల బెడద. రాగి కోతకొచ్చే రోజుల్లో ఒకరి చేను ఒకరు వంతులవారీగా కావలి కాస్తారు. ఆ పద్ధతినే ఆటలోకి తెచ్చారు. మా ఊళ్లో కరెంటు పోతే నా ఊరు నువ్వు చూడు, మీ ఊళ్లో పోతే నీది నేను చూస్తా. అందుకోసం వేరే ఊళ్లో ఉన్న మనిషికి పాస్‌వర్డ్ చెప్పేసేవాళ్లు. దాన్ని కావలి అనేవాళ్లు.

ఊరికే ఎవరికిపడితే వాళ్లకు ఇచ్చేవాళ్లు కాదు. ఫోన్ చేసుకుని, ఏ ఊరు, ఎవరి పిల్లలు, ఏం పని అని విచారించి, వరస కలుపుకుని అప్పుడు చెప్పేవాళ్లు. ఒకసారి కావలి కుదిరితే ఇద్దరూ మామా అంటే మామా. నాకు తెలిసినంతలో ఆ మూడు ఊళ్లలో కావలి ఒప్పుకున్నవాడు మోసం చేసిన సంగతి లేదు.

నేను చదువుకున్న చదువు ప్రకారం ఇది తలబాదుకోవాల్సిన విషయం. లైన్లు చూడటానికి నెలనెలా సెంటర్లకు వెళ్లినప్పుడు మందలించేదాన్ని కూడా. కుప్పంలో గంగులప్ప అనే రైతు ఉండేవాడు. ముప్పై ఏళ్లుంటాయి. రామకుప్పం దగ్గర పల్లె. చిక్కుడూ వంకాయా కుప్పం మార్కెట్లో దించి, ఓ గంట ఆడుకుని బస్సెక్కేవాడు. పాస్‌వర్డ్ తాళంలాంటిది, ఎవరికీ ఇవ్వకూడదు అని నేను పాఠం చెబితే అతను ఓపికగా విన్నాడు.

"తాళమేసినామని ఏనుగు నిలబడిపోతాదా మేడమ్మా? ఆడ మనిషుండల్ల" అన్నాడు.

పాఠం అక్కడితో ఆపి లైన్లు చూసుకోవడానికి వెళ్లాను. 

గంగులప్పకు కావలి ఖాదర్. పుంగనూరులో జాకెట్లు కుట్టే టైలర్. నెట్ సెంటర్ పక్కనే అతని కొట్టు. సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. కానీ ఖాదర్ కూతురికి జ్వరమొస్తే గంగులప్ప రోజూ ఫోన్ చేసి అడిగేవాడు. గంగులప్ప చేలో ఏనుగులు పడ్డాయంటే ఖాదర్ కుట్టుమిషన్ ఆపి దిగులుగా కూర్చునేవాడు. నేను పుంగనూరు వెళితే "మా మామను చూసినారా మేడమ్మా, ఎట్లుండాడు?" అని అడిగేవాడు. బాగున్నాడని చెబితే ముఖం వెలిగిపోయేది.

కన్నం ఎక్కడ పడింది

ఒకరోజు మదనపల్లెలో లెక్కల టీచరొకాయన మా ఆఫీసుకు వచ్చారు. ఆయన మెయిల్ తెరుచుకోవడం లేదు. పైగా ఆయన పేరుతో బంధుమిత్రులందరికీ పిచ్చి మెయిళ్లు వెళుతున్నాయి. ఆయనా ఊళ్ల ఆట ఆడతారని నాకు తెలుసు. "మెయిల్‌కీ ఆటకీ పాస్‌వర్డ్ ఒకటేనా సార్?" అని అడిగాను.

"మనిషి ఒకడే కదమ్మా, రెండెందుకు?" అన్నారు ఆయన, లెక్క తప్పిన పిల్లను చూసినట్టు నన్ను చూస్తూ.

వెనకే ఇంకో ఇద్దరు ఇదే గోడుతో వచ్చారు. ఇద్దరూ ఆటగాళ్లే.  కూర్చుని సర్వర్‌ను వెతకడం మొదలుపెట్టాను. ఆటలోకి ప్రవేశించే పేజీలో శ్రీధర్ రాయని కొన్ని వరుసలు కనిపించాయి. ఎవరు పేరూ పాస్‌వర్డూ కొట్టినా ఒక నకలు ఎక్కడికో పోతోంది. ఆటలో ఒకరినొకరు సవాలు చేసుకోవడానికి ఒక చర్చల పేజీ ఉండేది. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉందని, సరిచేసుకోండని దాన్ని తయారుచేసినవాళ్లు అప్పటికే చెప్పి ఉన్నారు. ఒక పూట ఆట ఆపితే సరిపోయే పని. ఆట ఆపితే సెంటర్లు వెలవెలబోతాయని రెడ్డెప్ప గారు వాయిదా వేస్తూ వచ్చారు. ఆ సందులోంచే దొంగ దూరాడు.

పాస్‌వర్డ్‌లతో ఆగలేదు. "ఆట వేగంగా నడవాలంటే ఇది దించుకోండి" అని మా సర్వర్ మీదే ఒక ఫైలు పెట్టాడు. మా సర్వర్ చెప్పింది కదా అని సెంటర్ల వాళ్లు ప్రతి కంప్యూటర్‌లోనూ వేసుకున్నారు. ఆ ఫైలు చేసే పని, ఆ కంప్యూటర్ మీద ఎవరు ఏ అక్షరం కొట్టినా రాసి దొంగకు పంపడం. నెట్ సెంటర్ కంప్యూటర్ అంటే ఊరందరిదీ. ఆట పేరే వినని అమ్మాయి వచ్చి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటుంది. కువైట్‌లో ఉన్న భర్తకు ఒకావిడ మెయిల్ కొట్టిస్తుంది. అవన్నీ దొంగ చూస్తున్నాడు. హార్స్లీ హిల్స్ మీద ఒక విడిది ఇల్లు ఉండేది. అక్కడ గదులు ఇచ్చే అబ్బాయి పనివేళల్లో దొంగచాటుగా ఊళ్ల ఆట ఆడేవాడు. ఆ ఫైలు అక్కడికీ చేరి, కొత్తగా పెళ్లయి కొండకు వచ్చేవాళ్ల ఉత్తరాలన్నీ ఎవడో పరాయివాడి కంట పడ్డాయి.

ఆట సర్వర్‌కు కన్నం పడితే ఆటలో ధాన్యమే కదా పోయేది అనుకునేవాళ్ల కోసం ఇదంతా రాస్తున్నాను. ఆట సర్వర్‌లో ఆటగాళ్లు దాచుకునేది ధాన్యం కాదు. వాళ్ల మెయిల్ తాళం, ఫోన్ నంబరు, ఎవరితోనూ అనలేక కావలివాడితో అనుకున్న ఇంటి సంగతులు అక్కడే ఉంటాయి. జనం బ్యాంకు దగ్గర జాగ్రత్తగా ఉంటారు. ఆట దగ్గర చొక్కా విప్పుకుని హాయిగా కూర్చుంటారు. దొంగకు కావాల్సింది అదే.

రెడ్డెప్ప గారు ఏమన్నారంటే

ఆట ఆపేశాను. శ్రీధర్‌తో ఫోన్లో మాట్లాడుతూ ఆ వరుసలు పీకేశాను, లోపం సరిచేశాను. ఇక అందరికీ చెప్పాలి. పాస్‌వర్డ్‌లు మార్చుకోమని, మెయిల్‌కు కూడా మార్చుకోమని, ఆ ఫైలు తీసేయమని. ఆ మాటే రెడ్డెప్ప గారితో అన్నాను.

"రిపేరని చెప్పు. సాలు" అన్నారు.

"రిపేరు మనకు సార్. వాళ్ల తాళాలు ఇంకా దొంగ దగ్గరే ఉన్నాయి."

"సరళమ్మా, నాలుగూళ్లలో నా పేరుండాది. నా ఇంట్లో దొంగలు పడినారని నేనే దండోరా వేసుకోవల్లనా? ఆటలో ఊరు పోతే ఎవురన్నా పస్తు పండుకుంటారా?"

చాలాసేపు వాదించాను. గొంతు కూడా పెంచాను. ఆయన ముఖం మాడ్చుకుని లేచి వెళ్లిపోయారు. నా కోపం గురించి మా ఇంట్లో వాళ్లను అడిగితే కథలు కథలుగా చెబుతారు. ఆ రోజు మాత్రం కోపం కంటే దిగులే ఎక్కువగా ఉండింది. ఆయన చెడ్డవాడైతే ఎదిరించడం సులువుగా ఉండేది. నాకు ఆ ఉద్యోగం ఇచ్చిన మనిషి ఆయన.

కుప్పం సెంటర్ నుంచి ఆ సాయంత్రం ఫోన్ వచ్చింది. ఆట ఎప్పుడు తెరుస్తారని అడిగి, మాటల్లో మాటగా, "అయినా గంగులప్ప ఇంక ఆడడు లెండి మేడం. పుంగనూరు టైలరు ఆయన గాదెలన్నీ ఊడ్చేసినాడు కదా" అన్నాడు సెంటర్ అతను.

 సర్వర్‌లోకి వెళ్లి చూశాను. గంగులప్ప ఊరిలోకి ఎవరు ఎక్కడినుంచి వచ్చారో అందులో కనబడుతుంది. గాదెలు ఖాళీ చేసినవాడు పుంగనూరు నుంచి రాలేదు. కుప్పం నుంచీ కాదు. దేశం బయట ఎక్కడినుంచో వచ్చాడు. దొంగిలించిన పాస్‌వర్డ్ పనిచేస్తుందా లేదా అని పరీక్షించి చూసుకున్నాడంతే. వాడికి ఆ ధాన్యంతో పనిలేదు.

ఇక నేను రెడ్డెప్ప గారిని అడగలేదు. ఆట తెరుచుకునే పేజీ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను. మా సర్వర్‌లో దొంగలు పడ్డారని, మీ పాస్‌వర్డ్‌లు వాళ్ల చేతికి పోయాయని, అన్నీ మార్చుకుని ఆ ఫైలు తీసేయమని, తప్పు మాదని, మీ గాదెలు పోయుంటే మీ కావలివాళ్లను అనుమానించకండని. మర్నాడు పొద్దున్నే పుంగనూరు బస్సెక్కాను. పేజీ మీద రాసింది చదవడానికి గంగులప్ప అసలు సెంటర్‌కు రావాలి కదా.

ఖాదర్ కొట్టులో

పుంగనూరులో దిగగానే ముందు నెట్ సెంటర్‌కు వెళ్లాను. నడిపేది హనుమంతు. సంగతంతా అతనే చెప్పాడు. అంతకుముందు శుక్రవారం కుప్పంలో కరెంటు లేదు. గంగులప్ప ఊరు ఖాదర్ చూస్తున్నాడు. మధ్యలో నమాజుకు వెళ్లి వచ్చేసరికి గాదెలు ఖాళీ. ఆ పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు ముగ్గురే. గంగులప్ప, ఖాదర్, గంగులప్ప తమ్ముడు చలపతి. చలపతి ఆ రోజు టమోటా లోడుతో మదనపల్లె వచ్చి, అక్కడి నెట్ సెంటర్‌లో కూర్చున్నాడట.

"గంగులప్ప ముందు తమ్ముణ్ణే అనుమానించినాడు మేడం. అన్నదమ్ములు మాటలు మానేసినారు. మూడు దినాలు దాటినాక ఖాదరే ఫోన్ చేసి, తీసింది నేనేనని ఒప్పేసుకున్నాడు. అప్పట్నుంచి మా సెంటర్లో పిల్లోళ్లు గూడా దొంగమామా అంటాండారు. పాపం, కొట్టు తలుపు సగం మూసుకోని కుట్టుకుంటాండాడు."

ఖాదర్ కొట్టులోకి వెళ్లాను. మిషన్ ఆపాడు కానీ తల ఎత్తలేదు. నేను ఉన్న సంగతంతా చెప్పాను. దొంగ ఎవరో, ఎలా దూరాడో, తప్పు ఎవరిదో. అతను విన్నాడు. వింటూ వింటూ మోకాళ్ల మీది జాకెట్ గుడ్డను పదేపదే మడిచాడు.

"చెయ్యనిది చేశానని ఎందుకు చెప్పావు ఖాదర్?" అని అడిగాను.

"అయిపోయింది గదమ్మా. యాల ఇప్పుడు."

"ఎందుకేమిటి? ఊరంతా నిన్ను దొంగంటోంది."

"నాల్గు దినాలు అంటారు. మళ్ల జాకెట్లు కుట్టించుకునేదానికి నా దగ్గరికే వస్తారు."

నవ్వుతూనే అన్నాడు. కళ్లు మాత్రం నవ్వలేదు. గంగులప్పతో మళ్లీ మాట్లాడావా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. "ఫోను చేస్తే ఎత్తడమ్మా. ఎత్తకపోతేనేమి, మోగింది వినబడతాది గదా అని రెండుతూర్లు చేసినా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ల తర్వాత రాస్తున్నప్పుడూ వస్తోంది.

"నాతో కుప్పం రా" అన్నాను. రానన్నాడు. మీరు చెబితే సరిపోదా అన్నాడు. సరిపోదన్నాను. నింద మోసినవాడు ఎదురుగా లేకుండా నింద తీసేస్తే అది సగమే పోతుందని, సుబ్రమణ్యం సార్ ఉంటే గుమస్తాను కూడా తోడుకుని వెళ్లేవాడని నాకు అనిపించింది. ఖాదర్ భార్య లోపలి గుమ్మం దగ్గర నిలబడి అంతా వింటోంది. ఆమే అతని చొక్కా తెచ్చి చేతిలో పెట్టింది. "పొయ్యిరా. తలుపు తెరిచి పెడతా నేను" అంది.

కుప్పంలో

పలమనేరు మీదుగా కుప్పం వెళ్లే బస్సెక్కాం. దారిలో రెడ్డెప్ప గారి ఫోన్ వచ్చింది. నోటీసు చూశారట.

"నా కంపెనీ తప్పని నువ్వెట్ల రాస్తివి సరళమ్మా?"

"తప్పు ఉంది కాబట్టి సార్. ఉద్యోగం తీసేస్తే తీసేయండి. ఇప్పుడు బస్సులో ఉన్నాను, చప్పుడుగా ఉంది" అని పెట్టేశాను.

ఆయన తీసేయలేదు. నెలరోజులు నాతో సరిగా మాట్లాడలేదు, అంతే. ఒక్క నెట్ సెంటర్ కూడా మమ్మల్ని వదిలిపోలేదు. పైగా ఆ మూడు ఊళ్లలో జనం వచ్చి, మా కంప్యూటర్ చూడండి, మా మెయిల్ చూడండి అని నన్ను అడిగేవాళ్లు. చెప్పినవాళ్ల దగ్గరికే కదా జనం వస్తారు. దాచిపెట్టి ఉంటే ఇంకెవరి దగ్గరికో పోయేవాళ్లు. ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఈ ఒక్కటి గట్టిగా పట్టుకోండి. దొంగ ఎక్కడో సముద్రాల అవతల ఉంటాడు. మీరు నోరు విప్పనంతసేపు అనుమానం పక్కవాడి మీదే పడుతుంది. ఎంత దగ్గరివాడైతే అంత గట్టిగా పడుతుంది. లోపం సరిచేయడానికి ఎంత తొందరపడతారో, చెప్పడానికీ అంత తొందరపడండి. మీ బాస్ వద్దంటే పోట్లాడండి.

గంగులప్పకు కుప్పం సెంటర్ అతనితో ముందే కబురు చేయించాను, ఖాదర్ వస్తున్నట్టు చెప్పకుండా. మేం వెళ్లేసరికి గంగులప్ప ఖాళీ కూరగాయల బుట్టలతో సెంటర్ ముందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన, అదే ముక్కూ అదే నుదురుతో కుర్రాడొకడు. చలపతి అని చూడగానే తెలిసింది. అన్నదమ్ములు మళ్లీ మాట్లాడుకుంటున్నారు. ఇద్దరూ ఒకే పొట్లంలోంచి వేరుశెనక్కాయలు తింటున్నారు.

"ఈయన ఖాదర్" అన్నాను.

గంగులప్ప లేచి నిలబడ్డాడు. కళ్లనిండా చూశాడు. ముఖం బిగుసుకుపోయింది. ఏమైనా అంటాడేమోనని నేనే గబగబా మొదలుపెట్టాను. లోపల కూర్చున్నవాళ్లు కూడా బయటికి వచ్చారు. మంచిదే అనుకుని గొంతు పెంచి చెప్పాను. దొంగ బయటివాడని, మా సర్వర్ కాపాడలేకపోయిందని, ఈ మూడు ఊళ్లలో ఏ కావలివాడూ తప్పు చేయలేదని, ఖాదర్ నమాజులో ఉన్నప్పుడు దేశం బయటినుంచి ఎవడో వచ్చి తీసుకుపోయాడని. తప్పు మాదేనని రెండుసార్లు చెప్పాను. అందరూ నన్ను తిడతారని ఎదురుచూశాను. కానీ అందరూ ఖాదర్ వైపే చూస్తున్నారు.

"మళ్ల నువ్వు తీసినానని సెప్తివే?" అన్నాడు గంగులప్ప.

ఖాదర్ నేల చూశాడు.

"సెప్పు మామా. తియ్యనిది తీసినానని యాల సెప్పినావు?"

చివరికి ఖాదర్ నోరు విప్పాడు. చాలా మెల్లగా, తప్పు చేసి దొరికిపోయినవాడిలా చెప్పాడు. "నువ్వు ఫోన్లో ఏమంటివి? తమ్మునితో మాటల్లేవు, రాగిచేను కావలికి నేనొక్కణ్ణే పోతాండానంటివి. మొన్ననే ఏనుగులు మీ పక్కచేలో పడినాయని సెప్తివి. నాకు నిద్ర పట్టలేదప్పా. ఒక్కడే ఎట్ల పోతాడు, ఏమన్నా అయితే ఎట్ల అని. తీసింది నేనేనంటే తమ్ముడు నీతో వస్తాడు గదా అనుకున్నా. నేను లేకపోయినా ఆట జరుగుతాది మామా. వాడు లేకుండా చేను జరగదు. నీకు తమ్ముడుంటే సాలు."

చలపతి ముఖం తిప్పుకున్నాడు. నేను అన్నదమ్ములనే చూస్తున్నాను. నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. సర్వర్‌లో అన్నీ కనిపిస్తాయని గర్వపడేదాన్ని. ఇది కనిపించలేదు.

గంగులప్ప రెండడుగులు ముందుకొచ్చి ఖాదర్ భుజం పట్టుకున్నాడు. కోపంగానే పట్టుకున్నాడు. 

"తమ్ముడొకడుంటే సాలునని నీకెవురు సెప్పినార్రా?" అన్నాడు.

ఖాదర్ ఆ అరుగు మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.